మాత్ర ఆపకండి, మీ ఆవిడకు చెప్పండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. 2022లో ముక్కు నుంచి రక్తం కారేది, దగ్గితే రక్తం పడేది. మొదట టీబీ అనుకుని రెండు నెలలు ఆ మందులు వాడారు. కిడ్నీలు కూడా దెబ్బతినేసరికి ఏఎన్‌సీఏ అనే రక్త పరీక్ష చేయించి, జీపీఏ అనే రక్తనాళాల జబ్బు అని తేల్చారు. మూడు నెలల్లో ఆరు సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్లు ఎక్కించారు, స్టెరాయిడ్ వాడారు. అప్పటి నుంచి జబ్బు తిరగబెట్టకుండా రోజూ అజాథయోప్రిన్ అనే మాత్ర 100 ఎంజీ వేసుకుంటున్నాను. జబ్బు అదుపులో ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3. 2024లో పెళ్లయింది. ఇంకా పిల్లల్లేరు. మా ఆవిడకు 27 ఏళ్లు. ఆమెకు స్కాన్లు, ట్యూబుల పరీక్ష అన్నీ చేయించాం, ఏ లోపమూ లేదన్నారు. అయినా మా అమ్మ ఆమెను గుళ్లకు తిప్పి ఉయ్యాలలు కట్టిస్తోంది. నేను ఎవరికీ చెప్పకుండా వీర్య పరీక్ష చేయించుకుంటే కౌంటు 30 లక్షలే అని వచ్చింది. జిమ్ నడిపే స్నేహితుడు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకోమంటున్నాడు. ఇంగ్లీషు మందులు ఆపితేనే పిల్లలు పుడతారని మా బాబాయి అంటే, ఇరవై రోజులుగా అజాథయోప్రిన్ ఆపేశాను. మిర్చి ఘాటుకి ఒళ్లు వేడి చేసిందని కొట్లో వాళ్లు అంటున్నారు. ఇది జబ్బు వల్లా, మందు వల్లా? పుట్టే బిడ్డకు ఈ జబ్బు వస్తుందా? పెళ్లప్పుడు మా ఆవిడ వాళ్లకు కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిందని మాత్రమే చెప్పాం. రిపోర్టు ఫొటో పంపుతున్నాను. దయచేసి పేరు వేయవద్దు.
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు అడిగిన వరసలో కాకుండా నాకు భయం వేసిన వరసలో జవాబు చెబుతాను.

ఇరవై రోజులుగా మాత్ర ఆపేశానన్నారు. రేపు పొద్దున్నే కొట్టుకు సెలవు చెప్పి, మీకు వైద్యం చేస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోతున్నాయేమో చూడమనండి. క్రియాటినిన్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. ఆ రిపోర్టులు చూశాక మాత్ర ఎలా మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు. ఈ నెల బాగానే ఉంది కదా, వచ్చే నెల చూద్దాంలే అనుకోవద్దు. జీపీఏ తిరగబెట్టినప్పుడు ముక్కులోంచి రక్తం వస్తే మనకు తెలుస్తుంది. కిడ్నీలో తిరగబెడితే నొప్పి ఉండదు, మంట ఉండదు, అన్నం సహిస్తుంది, నిద్ర పడుతుంది. కాళ్లు వాచి వచ్చేసరికి 1.3 ఉన్న క్రియాటినిన్ 4 అయిన వాళ్లను నేను చూశాను.

ఇందులో నన్ను ఎక్కువ బాధ పెట్టే విషయం ఇంకొకటుంది. పిల్లల కోసం మీరు మానేసిన మందు పిల్లలకు అడ్డం పడేదే కాదు. తండ్రి కావాలనుకునే మగవాళ్లు అజాథయోప్రిన్ నిరభ్యంతరంగా కొనసాగించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గట్టిగానే చెప్పింది. మాత్ర లేక జబ్బు తిరగబెడితే మాత్రం, మళ్లీ సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించాల్సిన పరిస్థితి రావచ్చు. అసలు కౌంటుకు శత్రువు అదే. మీ బాబాయి సలహా పాటిస్తే ఎక్కడికి పోయి తేలతారో చూశారా?

ఇక జబ్బా, మందా అన్న ప్రశ్న. వాస్కులైటిస్ అంటే రక్తనాళాల గోడలకు వాపు రావడం. మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత నాళాల మీద పడుతుంది. అందులో రకాలు చాలా ఉన్నాయి. మీకొచ్చిన జీపీఏ చిన్న నాళాలను పట్టుకుంటుంది కాబట్టి ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. పాలీఆర్టరైటిస్ నోడోసా అనే ఇంకో రకం వృషణాలకు వెళ్లే నాళాలను నేరుగా పట్టుకోగలదు. దెబ్బ తగలకుండానే వృషణంలో నొప్పి రావడం ఆ జబ్బును గుర్తుపట్టే లక్షణాల్లో ఒకటి. ఈ నొప్పి ఉన్నవాళ్లు సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు, డాక్టరూ అడగడు. టాకయాసు లాంటి పెద్ద నాళాల జబ్బుల్లో నడుము కిందికి రక్తం సరిగా అందక అంగస్తంభన ఇబ్బంది రావచ్చు. అది వేరే సమస్య, దానికి వైద్యమూ వేరే. మీరు ఆ ఇబ్బందేమీ రాయలేదు కాబట్టి లేదనుకుంటున్నాను. ఉంటే డాక్టరు దగ్గర దాచకండి, బీపీ మాత్రల వల్ల కూడా ఒక్కోసారి వస్తుంది.

జీపీఏ కూడా ముదిరినప్పుడు ఒంట్లో వాపు, జ్వరం, బరువు తగ్గడం, స్టెరాయిడ్ మోతాదు అన్నీ కలిసి హార్మోన్లను, వీర్యకణాల తయారీని కుంగదీస్తాయి. మామూలు వైరల్ జ్వరం గట్టిగా వచ్చినా రెండు మూడు నెలలు కౌంటు తగ్గుతుంది. కానీ ఆ దెబ్బ జబ్బు అదుపులోకి వచ్చాక సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకుండా మిగిలిపోయే దెబ్బ ఎక్కువగా సైక్లోఫాస్ఫమైడ్ కొట్టేది.

ఆ మందును తిట్టుకునే ముందు ఒక్క మాట. 1958లో ఇంగ్లండులో ఈ జబ్బు రోగుల లెక్క తీస్తే, వైద్యం లేకుండా వాళ్లు బతికింది సగటున 5 నెలలు. 1970ల్లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు స్టెరాయిడ్‌తో పాటు రోజూ సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర ఇచ్చి చూశారు. అందులో ఒకాయన మీకు తెలుసు. కరోనా రోజుల్లో ట్రంప్ పక్కన నిలబడి టీవీలో కనిపించిన ఆంథొనీ ఫౌచీ. 1983లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం 85 మందిలో 79 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. 2022లో మీ ప్రాణం నిలిపింది ఆ పనే. అయితే అప్పట్లో జబ్బు అణిగాక కూడా ఏడాది పైన రోజూ మాత్ర మింగించేవారు. మందు మొత్తం ఒంట్లోకి చాలా ఎక్కువగా వెళ్లేది, పిల్లల మాట మర్చిపోవాల్సి వచ్చేది. ఇప్పుడు మీకు ఇచ్చినట్టు రెండు మూడు వారాలకోసారి నరానికి ఎక్కించే పద్ధతిలో మొత్తం మోతాదు సుమారు సగానికి పడిపోయింది.

ఈ మందు అస్తమానం విభజన చెందే కణాల మీద పడుతుంది. వీర్యకణాలు తయారయ్యే చోట పని రాత్రీ పగలూ ఆగదు. మీ ప్రాంతం భాషలో చెప్పాలంటే అది ఎప్పుడూ మొలకలు లేస్తూనే ఉండే మిరప నారుమడి. సైక్లోఫాస్ఫమైడ్ పడితే లేత నారంతా మాడిపోతుంది. మట్టిలో విత్తనం, అంటే మూలకణాలు, కొంతైనా మిగిలి ఉంటే మడి మళ్లీ మొలుస్తుంది. మందు ఎక్కువై విత్తనం కూడా చచ్చిపోతే ఎన్ని తడులు పెట్టినా మొలవదు. అందుకే ఎన్ని ఇంజెక్షన్లు అన్నదాని కంటే మొత్తం ఎన్ని గ్రాములు అన్నది ముఖ్యం.

ఆ లెక్క మనమే వేద్దాం. మీ డిశ్చార్జి సమ్మరీ తీయండి. ఒక్కో ఇంజెక్షన్ మోతాదు అందులో రాసి ఉంటుంది. సాధారణంగా కిలో బరువుకు 15 ఎంజీ ఇస్తారు, కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే కొంచెం తగ్గిస్తారు. మీరు 60 కిలోల మనిషి అనుకుందాం. ఒక్కోటి 900 ఎంజీ, ఆరింటికి 5.4 గ్రాములు. దీన్ని ఒంటి ఉపరితల వైశాల్యంతో భాగిస్తారు. మధ్యరకం ఎత్తు మనిషికి అది సుమారు 1.7 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 3.2 గ్రాములు. క్యాన్సర్‌కు ఈ మందు తీసుకున్న యువకుల్లో చూసిన హద్దు 7.5 గ్రాములు. ఆ హద్దు దాటని వాళ్లలో పదిమందికి ఏడుగురికి అయిదేళ్లలో కౌంటు మామూలు స్థాయికి వచ్చింది. దాటిన వాళ్లలో పదిమందికి ఒకరికే వచ్చింది. క్యాన్సర్ రోగుల లెక్కను మీకు అచ్చంగా అతికించలేం, కానీ మీరు ఆ హద్దుకు చాలా ఇవతల ఉన్నారు. మీకు మూడేళ్లు దాటింది, అయిదేళ్లు ఇంకా నిండలేదు.

ఇక్కడే నాకు అనుమానం. ఇంత తక్కువ మోతాదుకు, ఇన్నేళ్ల తర్వాత 30 లక్షలేనా? అందుకే మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నట్టున్నారు, మడత మీద సిరా చెరిగింది. అయినా ఎడమ వైపు మూల చిన్న అక్షరాల్లో ఉన్నది చదవగలిగాను. శాంపిల్ తీసిన సమయం 10.05. పరీక్షించిన సమయం 1.40. ఎన్ని రోజులు కలయికకు దూరంగా ఉన్నారన్న చోట 1. పరిమాణం 0.8 ఎంఎల్, దాని పక్కన పెన్నుతో 'కొంత ఒలికింది' అని రాశారు. ఇంటి దగ్గర పట్టి ఎండలో బండి మీద తెచ్చి ఇచ్చారని నా ఊహ. ల్యాబులో బాత్రూంకు గడియ సరిగా పడకో, బయట నలుగురు కూర్చున్నారనో చాలామంది ఆ పనే చేస్తారు.

మూడున్నర గంటలు ఆగిన శాంపిల్‌లో కదలిక చూడటం, చేపలను గట్టున పడేసి ఈత రాదనడం లాంటిది. కదలిక 20 శాతం అన్న ఆ అంకెను పక్కన పెట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రకారం మామూలు అనుకోదగ్గ కనీస హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, పరిమాణం 1.4 ఎంఎల్, కదిలే కణాలు 42 శాతం. మీ 30 లక్షలు ఒలికిన శాంపిల్ లెక్క అయినా, తక్కువన్నది మాత్రం నిజమే అయి ఉండొచ్చు. మొత్తం మీద ఈ కాగితం మీద తీర్పు చెప్పకూడదు. పరీక్ష మళ్లీ చేయించాలి. రెండు రోజులకు తగ్గకుండా ఏడు రోజులకు మించకుండా దూరంగా ఉండి, సంతాన సాఫల్య కేంద్రంలోనే విడి గది ఉన్న చోట శాంపిల్ ఇవ్వండి. ఇంటి దగ్గర తీయక తప్పకపోతే గంట లోపల, చొక్కా లోపల ఒంటికి ఆనించి తెచ్చి ఇవ్వాలి. నూనె, లాలాజలం వాడకూడదు. మొదటి భాగం ఒలికిపోతే దాచకుండా చెప్పాలి, ఎందుకంటే కణాలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే. కొన్ని వారాల తేడాతో రెండు పరీక్షలు చేయిస్తేనే మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఒక వీర్యకణం తయారవడానికి 74 రోజుల దాకా పడుతుంది, బయటికి రావడానికి ఇంకో పది పన్నెండు రోజులు. ఈరోజు మీరు చేసే మంచి, చెడు మూడు నెలల తర్వాత రిపోర్టులో కనపడతాయి.

రెండో రిపోర్టులోనూ తక్కువే వస్తే అప్పుడు యూరాలజిస్టు లేదా ఆండ్రాలజిస్టు దగ్గరికి. ఆయన ముందు చేత్తో చూడాలి, వృషణాల సైజు, వేరికోసీల్ ఉందేమో. వృషణం పైన నరాలు ఉబ్బడం అన్న ఈ వేరికోసీల్, వేరే జబ్బేమీ లేని మగవాళ్లలో కూడా నూటికి పదిహేను మందిలో ఉంటుంది. మీకు జీపీఏ ఉంది కదా అని మిగతావేవీ రాకూడదనేం లేదు. ప్రతిదాన్నీ పెద్ద జబ్బు ఖాతాలో రాసేయడం మా డాక్టర్లకు ఉన్న పాత అలవాటు. పొద్దున పూట ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్లు చూస్తారు. పొలంలో పని సరిగ్గా జరగకపోతే మేస్త్రీ గొంతు పెరుగుతుంది కదా, ఎఫ్‌ఎస్‌హెచ్ అలాంటిది. అది బాగా పెరిగి ఉంటే వృషణంలోనే పని దెబ్బతిందని అర్థం. మామూలుగా ఉంటే ఇంకో కారణం వెతకాలి. కౌంటు 50 లక్షల లోపు ఉంటే జన్యు పరీక్ష కూడా రాస్తారు. కీళ్ల నొప్పులకని ఎవరైనా సల్ఫసలజీన్ ఇచ్చి ఉంటే అది చెప్పండి. అది కౌంటు తగ్గిస్తుంది, ఆపితే మళ్లీ వస్తుంది.

జిమ్ స్నేహితుడి ఇంజెక్షన్ దగ్గర కాస్త కోపం వస్తోంది, సర్దుకుని రాస్తాను. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వేయించుకుంటే, ఒంట్లో ఇది చాలినంత ఉందనుకుని మెదడులోని పిట్యూటరీ గ్రంథి సంకేతాలు ఆపేస్తుంది. సంకేతం లేక వృషణం పని మానేస్తుంది. కండలు వస్తాయి, గడ్డం గుబురుగా వస్తుంది, కౌంటు సున్నా దాకా పడిపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే ఇంజెక్షన్‌ను వారం వారం ఇచ్చి, మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందా అని పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించింది. బాగానే పనిచేసింది! పిల్లలు వద్దనుకునే వాళ్ల మీద పరీక్షించిన ఇంజెక్షన్‌ను పిల్లలు కావాలనుకునే మీకు సలహా ఇస్తున్నాడు. ఇప్పటికే ఒకటో రెండో వేయించుకుని ఉంటే దయచేసి డాక్టరుకు చెప్పండి. కౌంటు తగ్గడానికి అదే కారణం అయితే నాకూ ఊరట, మీకూ ఊరట. ఆపితే చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది.

అలాగే 'సంతాన యోగం' పొడులు. వాటిలో భస్మాలు కలిసిన వాటిలో సీసం, పాదరసం ఉండొచ్చు. మీ కిడ్నీలు ఒకసారి దెబ్బతిని బయటపడినవి. ఇంకో దెబ్బ తట్టుకునే ఓపిక వాటికి లేదు.

మిర్చి ఘాటు గురించి అడిగారు. యార్డులో సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పినప్పుడు ఆ ఘాటుకు తుమ్మని వాడుండడు. కానీ అది ముక్కును కాల్చినంత మాత్రాన కింద నారుమడిని కాల్చదు. 'వేడి చేయడం' అన్న మాటకు మన ఇళ్లలో ఏ అర్థం చెప్పినా, వీర్యకణాలకు కావాల్సింది వృషణాలు ఒంటి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండటం. బిగుతు డ్రాయర్లు, ఒళ్లో ల్యాప్‌టాప్ మానేస్తే మంచిదే, అంతకంటే మజ్జిగ తాగినా తాగకపోయినా ఒకటే. అయితే యార్డు దుమ్ము మీకు వేరే రకంగా మంచిది కాదు. జీపీఏలో ముక్కు లోపల పొర తరచూ పుండు పడుతుంది, చెక్కులు కడుతుంది. మాస్కు పెట్టుకోండి, రోజూ సెలైన్‌తో ముక్కు కడుక్కోండి. సిగరెట్ అలవాటుంటే అది మాత్రం కౌంటుకూ చేటే, రక్తనాళాలకూ చేటే.

బిడ్డకు వస్తుందా అన్న ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. జీపీఏ తండ్రి నుంచి బిడ్డకు నేరుగా దిగే వంశపారంపర్య జబ్బు కాదు. మందు ప్రభావం విషయంలో ఒక్కటే జాగ్రత్త. సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కుతున్నప్పుడు, ఆపాక మూడు నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ మందు తగిలిన కణాల్లో జన్యుపదార్థం దెబ్బతిని ఉంటుంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఆ మొదటి ఇంజెక్షన్ ఎక్కించే ముందు మిమ్మల్ని ఎవరైనా, 'బాబూ, పెళ్లి కాలేదు కదా, వీర్యం దాచిపెట్టుకుంటావా' అని అడిగారా? అడిగి ఉండరు. ఆ డాక్టరును తప్పు పట్టే అర్హత నాకూ లేదు. కొన్నేళ్ల క్రితం ఇరవై నాలుగేళ్ల కుర్రాడు దగ్గుతో రక్తం కక్కుతూ నా దగ్గరికి వచ్చాడు. క్రియాటినిన్ రోజురోజుకీ పెరుగుతోంది. మంచం పక్కన వాళ్ల నాన్న, మేనమామ, ఇద్దరు బాబాయిలు. ఆ గుంపులో అలాంటి మాట ఎలా ఎత్తాలో తెలియక, ప్రాణం దక్కితే చాలని మందు మొదలుపెట్టాను. ప్రాణం దక్కింది. నాలుగేళ్లకు పెళ్లి శుభలేఖ తెచ్చాడు, ఆ తర్వాత రెండేళ్లకు సున్నా అని రాసున్న రిపోర్టు తెచ్చాడు. 'అప్పుడే చెప్పాల్సింది సార్' అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. అప్పటి నుంచి బంధువులను టీ తాగి రమ్మని బయటికి పంపి, కుర్రాడితో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడుతున్నాను. మొదట స్టెరాయిడ్ ఎక్కిస్తూ, సైక్లోఫాస్ఫమైడ్‌ను ఒకటి రెండు రోజులు ఆపగలిగిన పరిస్థితి చాలామందిలో ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక శాంపిల్ ఇస్తే చాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఇది కుదరదు, ఒప్పుకుంటాను. మిగతా వాళ్లకు కుదరకపోవడానికి మా మొహమాటం తప్ప కారణం లేదు.

పిల్లలు కావాల్సిన వయసులో ఉన్నవాళ్లకు సైక్లోఫాస్ఫమైడ్ బదులు రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చే దారి కూడా ఉంది. ఇది వీర్యకణాలను దెబ్బతీస్తుందన్న ఆధారం లేదు. జీపీఏకి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దీని చవక రూపాన్ని 2007లోనే లింఫోమా అనే క్యాన్సర్ రోగుల కోసం తెచ్చింది కాబట్టి, మన దగ్గర దొరకని మందేమీ కాదు. ధర ఇప్పటికీ సైక్లోఫాస్ఫమైడ్ కంటే చాలా ఎక్కువ, టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు ముందు చేయించాలి. మీ జబ్బు ఎప్పుడైనా తిరగబెడితే, డాక్టరు చీటీ రాసే లోపల 'మాకు ఇంకా పిల్లల్లేరు' అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట చీటీని మార్చేస్తుంది.

ఆ మాట కోసమే ఇంకో పని కూడా చెబుతున్నాను. రెండో పరీక్షకు వెళ్లినప్పుడే, ఎంత తక్కువ కౌంటు ఉన్నా సరే, రెండు మూడు శాంపిళ్లు దాచిపెట్టించండి. జబ్బు ఎప్పుడు లేస్తుందో మన చేతుల్లో లేదు. ఈ 30 లక్షలే రేపు బంగారం కావచ్చు. ఇక్సీ అనే పద్ధతిలో ఒక అండానికి ఒక్క వీర్యకణం చాలు, సూదితో అండంలోకి ఎక్కిస్తారు. బ్రస్సెల్స్‌లో 1992లో మొదటి బిడ్డలు ఆ దారిన పుట్టారు. కౌంటు పెరిగితే మామూలుగానే నిలబడుతుంది, మీ ఆవిడకు 27 ఏళ్లే కాబట్టి కొంత ఆగే వీలుంది. పెరగకపోతే ఇక్సీ ఉంది. కణాలు అసలు కనపడని వాళ్లకు కూడా మైక్రోస్కోప్ కింద వృషణంలోంచి వెతికి తీసే ఆపరేషన్ ఉంది, మీకు అంత అవసరం కనపడటం లేదు. గుంటూరు కొత్తపేటలోనూ విజయవాడలోనూ ఇప్పుడు ఐవీఎఫ్ బోర్డులకు కొదవలేదు. లోపలికి వెళ్లేముందు ఆ కేంద్రానికి సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, సర్టిఫికెట్ చూపించమనండి. 'పదిహేను రోజుల్లో ఇక్సీ మొదలుపెడదాం' అని తొందరపెట్టే చోట, మీ కిడ్నీ డాక్టరు, రుమటాలజిస్టు రాసిన కాగితం బల్ల మీద పెట్టి, వాళ్లతో మాట్లాడాకే అని చెప్పండి.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఇది రాయడానికి ఆలోచించాను, కానీ ఉత్తరంలో మీరే రాశారు కాబట్టి దాటవేయలేను. ఆమెకు ట్యూబుల పరీక్ష చేయించారు. ఆ పరీక్షలో గర్భాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. చాలామందికి నొప్పితో కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మీ పరీక్షకు ఒక డబ్బా, అయిదు నిమిషాలు చాలు. రెండేళ్లు ఆమె లోపం వెతికి, చివరికి మీ పరీక్ష ఎవరికీ తెలియకుండా చేయించుకున్నారు. గుళ్లో ఉయ్యాల కట్టేటప్పుడు ఆమె తన ఒంట్లోనే తప్పుందనుకుని కడుతోంది. 'ఏమ్మా, విశేషం ఏమన్నా ఉందా' అని పక్కింటావిడ అడిగినప్పుడు తల దించుకునేది ఆమె.

మీరు చెప్పకపోవడానికి కారణం నాకు అర్థం కాకపోలేదు. మగతనం అన్న మాటను మన ఊళ్లలో కౌంటుకు ముడిపెట్టారు. 30 లక్షలున్న వాడు, సున్నా ఉన్నవాడు కాపురం చేయడంలో మిగతా వాళ్లకు ఏమీ తీసిపోడు. ఆ కణాలు ఉన్నాయో లేవో మైక్రోస్కోప్ పెడితే తప్ప భార్యకే తెలియదు. ఇంకో భయం, పెళ్లప్పుడు దాచిన జబ్బు బయటపడుతుందని. బయటపడాల్సిందే. ఎందుకంటే ఆమెకు తెలియకుండా మీరు రేపు ఇక్సీకి వెళ్లలేరు. ఆ కాగితాల మీద ఆమె సంతకం కూడా కావాలి. ఒక ఆదివారం, మీ అమ్మగారు ఇంట్లో లేనప్పుడు, డిశ్చార్జి సమ్మరీ, ఈ నాలుగు మడతల రిపోర్టు రెండూ ఆమె ముందు పెట్టండి. మొత్తం చెప్పండి. టీబీ అనుకున్నది, రక్తం పడ్డది, ఆరు ఇంజెక్షన్లు, రోజూ ఆ మాత్ర ఎందుకో. కోపం వస్తే రానివ్వండి, ఆ కోపం న్యాయమైందే. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఆమెను వెంట తీసుకువెళ్లండి. నేను చూసినంతలో, డాక్టరు ముందు కూర్చున్నాక ప్రశ్నలు ఎక్కువ అడిగేది, మందులు టైముకి గుర్తుచేసేది ఆవిడలే. ఆమె పక్కన ఉండి ఉంటే మీరు ఇరవై రోజులు మాత్ర ఆపగలిగేవారు కాదు.

మీ అమ్మగారికి ఎంతవరకు చెప్పాలన్నది మీ ఇద్దరి ఇష్టం. 'డాక్టరు నాకే వైద్యం చేయాలన్నాడు, ఆమెకు ఏ లోపమూ లేదు' అన్న ఒక్క వాక్యం మాత్రం మీ నోటితోనే చెప్పండి, మీ ఆవిడ వింటుండగా.

రేపు మూత్రం, క్రియాటినిన్ రిపోర్టులు వచ్చాక డాక్టరు ఏమన్నారో రాయండి. వీర్య పరీక్ష మళ్లీ చేయించాక ఆ ఫొటో కూడా పంపండి. ఈసారి మడత పెట్టకుండా, శాంపిల్ తీసిన టైము, చూసిన టైము రెండూ కనపడేలా.